డబ్బివ్వండి, ఐటీఐ మాత్రం మాననివ్వకండి

ప్రశ్న: మాది చిత్తూరు, బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మావాడు ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ మొదటి ఏడాది. సెలవుల్లో తెలిసినాయన వెంట డిష్‌లు బిగించడానికి వెళ్తున్నాడు. సొంత సామాన్లు కొనుక్కుంటా, డబ్బివ్వమంటున్నాడు. చదువు మానేస్తాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఇవ్వమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఇవ్వండి. కానీ అన్నీ ఒకేసారి కాదు.

మొదట సేఫ్టీ బెల్టు, జారని బూట్లు కొనివ్వండి. నాలుగో అంతస్తు పిట్టగోడ పక్కన నిలబడి డ్రిల్ పట్టే పని ఇది. బెల్టు తగిలించడానికి గట్టి ఆధారం లేకపోతే ఆ పని ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

తర్వాత స్పానర్లు, కటింగ్ ప్లేయర్, రసమట్టం. రసమట్టం ఎందుకంటారేమో. డిష్ నిలబెట్టే పైపు నిట్టనిలువుగా లేకపోతే ఆ తర్వాత పెట్టిన కోణాలన్నీ తప్పుతాయి. బెంగళూరు నుంచి చూస్తే, డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లిచ్చే జీశాట్-15 ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున, ఆకాశంలో సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అది దాదాపు 36,000 కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఇక్కడ డిష్ రెండు డిగ్రీలు తప్పినా సిగ్నల్ పోతుంది. దిక్కు చూసుకోవడానికి ఫోన్‌లో దిక్సూచి చాలు, ఇనుప పైపుకు కాస్త దూరంగా నిలబడి చూడాలి.

డిష్ నుంచి సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే ఆర్‌జీ6 కేబుల్ కొసకి ఎఫ్ కనెక్టర్ (మరతో బిగించే చిన్న లోహపు పిన్ను) వేయడం చేతికి బాగా అలవాటు కావాలి. పై జాలీ తీగ ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా షార్ట్ అవుతుంది, ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే పరికరానికి) కరెంటు అందదు. కనెక్టర్ వదులైతే వాన నీళ్లు దిగుతాయి. అందుకే కనెక్టర్‌ని కేబుల్‌కి నొక్కి బిగించే మంచి క్రింపింగ్ టూల్‌కి డబ్బు పెట్టండి. ఖరీదైన శాటిలైట్ మీటర్ ఇప్పుడే వద్దు, సెట్‌టాప్ బాక్స్‌లో కనిపించే సిగ్నల్ చూసి నేర్చుకోనివ్వండి. హ్యామర్ డ్రిల్ మీవాణ్ని పనికి తీసుకెళ్లే ఆయన దగ్గర ఎలాగూ ఉంటుంది. ఈ సామాన్లు దొరికే ఎస్.పి.రోడ్డుకి ఆయన్నే తోడు పంపండి.

ఇక మీ అసలు భయం. డిష్ పని ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2021లో దాదాపు 7 కోట్లున్న పే డీటీహెచ్ (డబ్బు కట్టి చూసే డిష్) కనెక్షన్లు 2025 నాటికి 6 కోట్ల లోపుకి వచ్చాయి. జనం ఫైబర్ ఇంటర్నెట్ వైపు వెళ్తున్నారు. అయితే నిచ్చెన, డ్రిల్, కేబుల్ లాగే నేర్పు సీసీ కెమెరాలకీ, ఫైబర్‌కీ అలాగే పనికొస్తాయి. అందుకే వచ్చే సంపాదనతో ఇంటర్నెట్ కేబుల్ కొసలు బిగించే ఆర్‌జే45 క్రింపర్, ఆ కేబుల్‌ని పరీక్షించే ల్యాన్ టెస్టర్ వాడే కొనుక్కోవాలి.

వాడు మీకు ఒకటే మాట ఇవ్వాలి: కాలేజీ ఉన్న రోజుల్లో పనికి వెళ్లనని. రెండేళ్లు పూర్తయి సర్టిఫికెట్ చేతికొస్తే టెలికాం కంపెనీల్లో అప్రెంటిస్‌షిప్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు, స్టైపెండ్ వస్తుంది. మొదటి ఏడాది పరీక్షలయ్యాక ఇద్దరూ కూర్చుని మిగతా సామాన్ల జాబితా రాసుకోండి.