కోవిడ్ తగ్గింది సరే, మాయ సంగతి ఎవరైనా చూశారా?

"మా ఆవిడకి ఐదో నెలలో కోవిడ్ వచ్చి తగ్గింది. ఇప్పుడు ఏడో నెల. కోవిడ్ వల్ల మాయ (ప్లాసెంటా) దెబ్బతింటుందని ఎక్కడో చదివాను, అప్పటినుంచీ ఒకటే టెన్షన్. నిజమేనా?" అని ఒకాయన నన్ను అడిగారు. ఆయనకే ఈ జవాబు.

నేను డాక్టర్ని కాదు. ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి లేబర్ రూములో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు చేశాను. కోవిడ్ రెండేళ్లూ అక్కడే ఉన్నాను. ఈ చేతులతో ఎన్ని మాయలు పట్టుకున్నానో లెక్కలేదు కాబట్టి, దీనికి జవాబు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

నిజమే, దెబ్బతింటుంది. కానీ అందరికీ కాదు, చాలా కొద్దిమందికే. మీ ఆవిడకి తగ్గి ఇన్ని వారాలైంది. బిడ్డ బాగా మెదులుతోందంటే గండం చాలావరకు గడిచినట్టేనని నా నమ్మకం. అలాగని నిశ్చింతగా కూర్చోమని చెప్పను. ఎందుకో చెబుతాను.

ఆ రోజుల్లో కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయీ, ఆమె భర్తా, అత్తా అడిగింది ఒకటే: "బిడ్డకి అంటుకుంటుందా సిస్టర్?" కడుపులో ఉండగా బిడ్డకి అంటుకోవడం అరుదు. మాయ అడ్డుకుంటుంది. మరి అడ్డుకునే మాయకే దెబ్బ తగిలితే ఏం కావాలి? ఆ మాట అడిగినవాళ్లు నాకు ఒక్కరు కూడా తగల్లేదు.

2021 మే నెల. ఊళ్లో ఏ ఆసుపత్రి చూసినా ఆక్సిజన్ బెడ్డు కోసం పడిగాపులు. రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో మన పక్కన నెల్లూరులోనే బయటపడింది. ఏడాది తిరిగేసరికి అదే జిల్లాలోని కృష్ణపట్నానికి నాటుమందు కోసం వేలమంది ఎగబడ్డారు. మాస్కు లేదు, దూరం లేదు, ఒకరి భుజం మీద ఒకరు. మందు పనిచేసిందో లేదో తరవాత సంగతి, ఆ తోపులాటలో ఎంతమందికి అంటుకుని ఉంటుందో అని ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. సరే, అది వేరే కథ.

అప్పుడే కొత్తపట్నం వైపు పల్లె నుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. తొలి కాన్పు, ఎనిమిదో నెల. కొన్ని వారాల కిందట జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి, వాసన తెలియకుండా పోయింది. టెస్టు చేయిస్తే పాజిటివ్. ఇంట్లోనే పారాసెటమాల్ వేసుకుంటే తగ్గిపోయింది. ఆయాసం లేదు, దగ్గు లేదు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 98 చూపించింది. చూసినవాళ్లెవరూ ఆ అమ్మాయికి జబ్బు చేసిందనుకోరు.

"నిన్నటినుంచి బిడ్డ సరిగా మెదలడంలేదక్కా" అంది.

పక్కనుంచి అత్త అందుకుంది. "నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలదమ్మా, అట్టాగే ఉంటది. నేను చెబుతానే ఉండా. ఇది ఏడుస్తా కూచుంటే పడలేక తీసుకొచ్చినా."

ఈ "చోటు చాలదు" అనే మాట మన పల్లెల్లో ఎవరు పుట్టించారో కానీ, ఎంతోమంది బిడ్డల్ని మింగేసింది. నెలలు నిండినా బిడ్డ మెదలడం తగ్గకూడదు. తగ్గిందంటే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. తెల్లారనీ, శుక్రవారం పోనీ అని ఆగితే కుదరదు.

ఎన్‌ఎస్‌టీ పెట్టాం, అంటే బిడ్డ గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే పరీక్ష. గుండె కొట్టుకుంటోంది. కానీ కాగితం మీద గీత పైకీ కిందకీ ఆడాల్సింది, దాదాపు తిన్నగా పోతోంది. స్కాన్‌లో ఉమ్మనీరు బాగా తగ్గింది. మా డాక్టర్ మేడం ఆ కాగితం ఒక్కసారి చూసి థియేటర్ సిద్ధం చేయమంది. బిడ్డను తీశారు. ఆడపిల్ల, కిలో ఏడువందలు. మొదట ఏడవలేదు, రుద్దితే, గొట్టంతో ఊపిరి అందిస్తే సన్నగా మూలిగింది. పసిబిడ్డల ఐసీయూకి (ఎన్‌ఐసీయూ) పంపారు.

తరవాత మాయ బయటికొచ్చింది. నెలలు నిండిన మాయ అరకిలో దాకా తూగుతుంది, అన్నం పళ్లెమంత వెడల్పు, ముదురు ఎరుపు, నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. ఇది వేలికి గట్టిగా తగిలింది. మేడం ట్రేలో పెట్టి కోస్తే లోపలంతా లేత పసుపు, తెలుపు కలిసిన పదార్థం, గట్టి పెరుగు తోడుకున్నట్టు. ఎరుపు ఒక అంచున మాత్రమే మిగిలింది. ఆవిడ రెండువైపులా తిప్పి తిప్పి చూసి, "ఇంత ముక్క మీద బతికిందా ఈ పిల్ల!" అంది. నా వైపు తిరిగి, "పారేయొద్దు, ఫార్మలిన్ డబ్బా తీసుకురా" అంది.

బయటికొస్తే అత్త తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"మాయ మాకిచ్చేయండి సిస్టరమ్మా. ఇంటికాడ పాతిపెట్టుకోవాల. కుక్కలు ముట్టుకుంటే బిడ్డకి మంచిది కాదు."

"పరీక్షకి పంపుతున్నాం పెద్దమ్మా."

"మాయకి పరీక్షేంది?"

ఆవిడను తప్పుపట్టడానికి లేదు. మామూలుగా అయితే మాయ పసుపు రంగు సంచిలో పడి వ్యర్థాల బండిలో పోతుంది, పరీక్ష అనే మాటే రాదు. నా బాధంతా అదే.

లోపల జరిగేది నాకు అర్థమైనంతలో చెబుతాను. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. మాయలో సన్నటి వేళ్లలాంటివి తల్లి రక్తంలో మునిగి ఉంటాయి, వాటి పొర దాటి ఆక్సిజన్, ఆహారం బిడ్డకి చేరతాయి. కొందరిలో వైరస్ సరిగ్గా ఆ పొరనే పట్టుకుంటుంది. పొర చచ్చిపోతుంది, దాని చుట్టూ తల్లి తెల్లకణాలు మూగుతాయి, ఫైబ్రిన్ అనే గడ్డకట్టే పదార్థం పేరుకుంటుంది. రక్తం పారాల్సిన ఖాళీ మూసుకుపోతుంది. బిడ్డకి వైరస్ సోకకుండానే ఊపిరి ఆగిపోయే పరిస్థితి వస్తుంది. దీన్ని కోవిడ్ ప్లాసెంటైటిస్ అంటారు. సాధారణంగా జ్వరం వచ్చిన తరవాతి కొద్ది వారాల్లోనే ఇది బయటపడుతుంది. తల్లికి జబ్బు తేలిగ్గా పోయినా మాయకి తేలిగ్గా పోవాలని లేదు.

2022లో 12 దేశాల పాథాలజిస్టులు కలిసి, ఇలా బిడ్డ పోయిన 68 కేసుల్నే ఏరి అచ్చులో పెట్టారు. 64 మంది బిడ్డలు కడుపులోనే పోయారు, నలుగురు పుట్టాక పోయారు. సగటున ఆ మాయల్లో నాలుగింట మూడు వంతులకు పైగా పాడైపోయింది. ఆ తల్లుల్లో ఒక్కరూ టీకా వేసుకున్నవాళ్లు కాదు. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో, డెల్టా నడిచిన కాలంలో కాన్పు సమయానికి కోవిడ్ ఉన్న తల్లుల్లో నూటికి 2.7 మందికి బిడ్డ కడుపులోనే చనిపోయింది, లేనివాళ్లలో 0.63. అంటే డెల్టాలో కూడా నూటికి 97 మంది బయటపడ్డారు. ఒమిక్రాన్ వచ్చాక ఈ మాయ జబ్బు బాగా తగ్గింది. మీరు ఈ తగ్గిందన్న ముక్క గుర్తుపెట్టుకోండి, మీ ఆవిడకి కూడా అదే చెప్పండి.

టీకా మాట వచ్చింది కాబట్టి, కడుపుతో ఉన్నవాళ్లకి వేయడానికి మన కేంద్రం ఒప్పుకున్నది 2021 జూలై 2న. డెల్టా ఊళ్లు ఊడ్చి వెళ్లిన తరవాత. ఆ కొత్తపట్నం అమ్మాయికి కావాలన్నా దొరికేది కాదు. దొరికాక అత్తలు వద్దన్నారు, అది ఇంకో గోల.

ఇంకో విసుగు, ఈ టిఫా స్కాన్. ఐదో నెలలో టిఫా తీయించి "అంతా బాగుందన్నారు" అని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. టిఫా చూసేది ప్రధానంగా బిడ్డ అవయవాలు. తరవాత మాయ ఎలా పనిచేస్తుందో అది ముందే చెప్పదు. దానికి బిడ్డ ఎదుగుదల చూసే గ్రోత్ స్కాన్, రక్తం పారే తీరు చూసే డాప్లర్ కావాలి. కోవిడ్ రోజుల్లో నిమ్ముకి ఛాతీ సీటీ స్కాన్ తీయించుకోవడానికి ఎగబడ్డ జనం, దీనికి మాత్రం "మళ్లీ స్కానా, బిడ్డకి వేడి" అంటారు!

ఆ మాయ పరీక్ష రిపోర్టు వచ్చేసరికి కొత్తపట్నం అమ్మాయి ఇంటికి వెళ్లిపోయింది. పాపను చూపించడానికి వచ్చినప్పుడు మేడం మందుల చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పింది. అత్త అంతా విని, "అయితే దీని తప్పేం లేదన్నమాట" అంది. అప్పటిదాకా ఇంట్లో ఏమేం అన్నారో ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది. గ్రహణం నాడు బయట తిరిగిందనో, బొప్పాయి తిన్నదనో. రిపోర్టు మడిచి తల్లీబిడ్డల కార్డులో జాగ్రత్తగా పెట్టుకుంది.

అందుకే నేను మొండిగా చెప్పేది: బిడ్డ చనిపోయి పుట్టినా, మరీ తక్కువ బరువుతో పుట్టినా, మాయను ల్యాబుకి పంపమని అడగండి. అడక్కపోతే చాలాచోట్ల పంపరు. కారణం తెలియదని రాసి పంపేస్తే, ఆ నేరం జీవితాంతం కోడలి నెత్తినే ఉంటుంది.

మీ విషయానికి వస్తే, మీ ఆవిడకి కోవిడ్ వచ్చిన తేదీ డాక్టరుకి తెలుసో లేదో ముందు కనుక్కోండి. చాలామంది "తగ్గిపోయిందిగా" అని చెప్పనే చెప్పరు. గ్రోత్ స్కాన్‌తో పాటు డాప్లర్ అవసరమా అని అడగండి. భోంచేశాక ఎడమవైపు పడుకుని బిడ్డ మెదలడం గమనించమనండి. రోజూ ఉండే తీరు కంటే తగ్గిందనిపిస్తే అర్ధరాత్రయినా సరే బయల్దేరండి, ఎవరి సలహా కోసమూ ఆగొద్దు. ఏడో నెల అంటున్నారు కదా, తరవాతి స్కాన్ తేదీ చీటీలో రాశారో లేదో ఈ పూటే చూడండి. లేకపోతే రేపు వెళ్లి రాయించుకోండి.