లక్షణాలు లేని వెన్ను లైపోమాకు కత్తి తొందర అక్కరలేదు, కాపలా కావాలి

బాబు నడుము కింద ఉన్న కొవ్వుగడ్డ (లైపోమా) వెన్నుపామును అంటుకొని ఉన్నదని ఎమ్మారైలో తేలిందనీ, కాళ్లూ మూత్రమూ మామూలుగానే ఉన్నాయనీ, ఇప్పుడే ఆపరేషన్ చేయించాలా అనీ మీరు అడిగారు. మా అమ్మాయిదీ ఇదే జబ్బు. ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. ఇంతవరకు కత్తి పడలేదు. కాబట్టి ఆగమనే చెబుతాను.

మాది రాజోలు దగ్గర పల్లె. పసిపిల్లలకు నీళ్లు పోసే ముసలమ్మ పాపను కాళ్ల మీద బోర్లా వేసుకొని నూనె రాస్తూ, పిరుదుల నడిమి గీత ఒక పక్కకు ఒరిగి ఉందనీ, దానిపైన మెత్తని గడ్డ చేతికి తగులుతోందనీ మా అత్తగారిని పిలిచి చూపింది. దగ్గరి పట్టణంలో ఒక సర్జన్ ఆ గడ్డను వేళ్లతో నొక్కి, ఇది పైపైన కొవ్వేననీ, అరగంటలో తీసేస్తాననీ చెప్పి, స్కాన్ ఊసెత్తకుండానే రోజు కూడా నిర్ణయించారు. ఉత్త కొవ్వే అయితే గీత ఎందుకు వంకరపోయిందని మా అత్తగారు ఆయననే అడిగారు. ఆయన జవాబు చెప్పలేకపోయారు. మేము కాకినాడ వెళ్లి ఎమ్మారై తీయించాము. మామూలుగా మొదటి, రెండో నడుము పూసల దగ్గర ముగియవలసిన వెన్నుపాము పాపకు నాలుగో పూస దాకా దిగి, కొవ్వుతో కలిసిపోయి ఉంది. ఆ రోజు పై గడ్డను మాత్రం కోసి ఉంటే లోపల వెన్నుపామును పట్టి ఉంచిన బంధం అలాగే మిగిలేది, నరాలకు దెబ్బ తగిలే ముప్పు కూడా ఉండేది. నడుము మధ్యనున్న గడ్డ మీద స్కాన్ లేకుండా కత్తి పెట్టనివ్వవద్దని తల్లిదండ్రులందరికీ చేతులు జోడించి చెబుతున్నాను.

వెన్నుపాము కొసను అంటిన లైపోమా ఉండి, లక్షణాలు లేని పిల్లలను కోయకుండా గమనిస్తే ఏమవుతుందో పారిస్‌లోని నెకెర్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2004లో ప్రచురించారు. కొన్నేళ్లలో సుమారు మూడోవంతు మందికి ఇబ్బందులు మొదలయ్యాయి. ముందుగానే ఆపరేషన్ చేయించుకున్న పిల్లల పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. కొవ్వును పూర్తిగా తొలగించడమే మేలని డాక్లింగ్ పాంగ్ వంటి న్యూరోసర్జన్లు వాదిస్తారు, వారి ఫలితాలూ బాగున్నాయి. అయితే అంతటి నేర్పు ప్రతి ఆసుపత్రిలోనూ దొరకదు. వెన్నుపాము చివరి సన్నని తంతువులో మాత్రమే కొవ్వు ఉంటే లెక్క వేరు, ఆ ఆపరేషన్ చాలా తేలిక. మీ బాబుది ఏ రకమో ముందు న్యూరోసర్జన్‌ను అడగండి.

ఆగడమంటే ఇంట్లో ఊరకే కూర్చోవడం కాదు. నడక, పాదాల ఆకారం, మలబద్ధకం, మూత్రపు ధార, కిడ్నీల స్కాన్, మూత్రాశయంలో ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్ పరీక్ష క్రమం తప్పకుండా చూస్తూ ఉండాలి. ఇక్కడే నాకు బడుల మీద కోపం వస్తుంది. మరుగుదొడ్డిలో నీళ్లు లేక ఆడపిల్లలు సాయంత్రం దాకా బిగబట్టుకొని వస్తుంటే, తడిసిన బట్టలకు కారణం జబ్బో, బడో తల్లికి ఎలా తెలుస్తుంది? మా అమ్మాయి కోసం ప్రధానోపాధ్యాయురాలితో పోట్లాడి ఉపాధ్యాయుల గదిలోని మరుగుదొడ్డిని వాడుకోనిచ్చే ఏర్పాటు చేయించాము.

ఎత్తు వేగంగా పెరిగే వయసులో మరింత జాగ్రత్త అవసరం. పాదం వంగడం, మడమల మీద నడవలేకపోవడం, పక్క తడపడం మానిన బిడ్డ మళ్లీ తడపడం, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్, కాళ్లలోకి పాకే నడుము నొప్పి, వీటిలో ఏది కొత్తగా కనిపించినా తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే న్యూరోసర్జన్‌కు చూపించండి. అప్పుడు ఆయన ఆపరేషన్ అంటే వెనుకాడవద్దు.