మన ఎండల్లో వైన్: ఏది కొనాలి, ఎన్నాళ్లు దాచాలి

పోయిన నెల తక్కువ ఖర్చులో మంచి వైన్ ఎంచుకోవడం గురించి రాశాను. దానికి అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. నంది హిల్స్ దగ్గర ద్రాక్షతోటల్లో, తర్వాత బెంగళూరు హోటళ్లలో వైన్ పనే చేసి సొంతూరు అనంతపురం చేరినదాన్ని. వైన్ గురించి దొరికే సలహాల్లో చాలావరకు చల్లని దేశాల వాళ్లు తమ ఇళ్లను మనసులో పెట్టుకుని చెప్పినవి. ఇక్కడి ఎండను లెక్కలోకి తీసుకునే నేను జవాబులు ఇస్తున్నాను. 21 ఏళ్లు దాటి, ఇప్పటికే తాగే అలవాటు ఉన్నవాళ్ల కోసమే ఇది. అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: మేడమ్, మాకు ఈ ఏడాది ఆడపిల్ల పుట్టింది. పాప పెళ్లినాడు తెరవడానికి ఒక మంచి సీసా ఇప్పుడే కొని దాచాలని ఉంది. ఉరవకొండ దగ్గర మా తాతగారింట్లో జొన్నలు పోసుకునే పాతర ఖాళీగా ఉంది. లోపల చల్లగానే ఉంటుంది. అందులో పెట్టొచ్చా? ఐదారు వేలు ఖర్చు పెట్టగలను. (లెక్చరర్, అనంతపురం)

పాపకు నా ఆశీస్సులు. పాతర మాత్రం వద్దండి.

మే నెలలో 42 డిగ్రీల ఎండలోంచి వచ్చి పాతరలోకి వంగితే చల్లగా తగలడం నిజమే. ఆ చల్లదనం మన ఒంటికి చాలుతుంది గానీ వైన్‌కు చాలదు. భూమిలో కొన్ని మీటర్ల లోతుకు పోతే ఎండాకాలం, చలికాలం తేడా పోతుంది. ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రత ఎంతో, అక్కడ ఇంచుమించు అంతే ఉంటుంది. ఫ్రాన్సులో షాంపేన్ ప్రాంతపు సుద్దరాతి సొరంగాలు ఏడాది పొడుగునా 10, 12 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటాయంటే, అక్కడి సగటే అంత కాబట్టి. మన అనంతపురం సగటు 27, 28 డిగ్రీలు. బెలూం గుహలు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అంత లోపలికి దిగినా చొక్కా తడిసిపోతుంది.

వైన్‌ను ఏళ్ల తరబడి దాచాలంటే 12 నుంచి 15 డిగ్రీలు కావాలి. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. పదేళ్లలో నెమ్మదిగా జరగాల్సిన మార్పు పాతరలో నాలుగేళ్లలోనే జరిగిపోతుంది, అదీ సక్రమంగా జరగదు. పండు వాసన పోయి, ఉడికించిన జామ్ వాసన మిగులుతుంది. ఇంకో మాట, వైన్‌తో సంబంధం లేకపోయినా చెప్పాలి: ఎన్నో ఏళ్లుగా మూసి ఉన్న పాతరలో పీల్చే గాలి ఉండకపోవచ్చు. పూర్వం మూత తీసి, గాలి బాగా ఆడనిచ్చాకే మనిషిని దింపేవాళ్లు. శుభ్రం చేద్దామని ఎవరినీ ఒక్కసారిగా అందులోకి పంపకండి.

మరి పాప సీసా సంగతి? నా సలహా, ఈ ఏడాది ఏమీ కొనకండి. పోర్చుగల్‌లో ఒక్క ఏడాది పంటతోనే చేసి, పీపాల్లో ఏళ్లపాటు ఉంచి, ఆ తర్వాతే సీసాకెత్తే వైన్లు ఉన్నాయి. వాటిని కొల్యేటా అంటారు. పోర్ట్ అనే తియ్యటి, ఘాటైన వైన్‌లో కొల్యేటా కనీసం ఏడేళ్లు, మదీరా దీవి కొల్యేటా కనీసం ఐదేళ్లు చెక్క పీపాల్లో ఉండాలన్నది అక్కడి నిబంధన. అంటే పాప పుట్టిన సంవత్సరం ముద్రించిన సీసా, పాప బడికి పోయే వయసు వచ్చాకే బజారులోకి వస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కూడా పీపాల్లోంచి తీసి అమ్ముతూనే ఉంటారు. చల్లని చోట దాచే బరువు వాళ్లే మోస్తారు. మీరు పెళ్లి కుదిరాక కొంటే సరిపోతుంది.

రెండింట్లో నా మొగ్గు మదీరాకే. అట్లాంటిక్ మధ్యలో ఉన్న ఆ దీవి నుంచి ఓడల్లో పోయేటప్పుడు ఉష్ణమండలపు వేడికి వైన్ రుచి మెరుగవడం గమనించి, తర్వాత కావాలనే వేడి చేయడం మొదలుపెట్టారు. మామూలు రకాల్ని 45, 50 డిగ్రీల దగ్గర కనీసం మూడు నెలలు ఉంచుతారు. మేలురకాలు అటకల మీద ఏళ్ల తరబడి ఎండ వేడికే మగ్గుతాయి. ముందే అంత వేడిని చూసిన వైన్ కాబట్టి మన ఇళ్లలో కూడా నిలుస్తుంది. తెరిచిన తర్వాత నెలల తరబడి ఉంటుంది. సీసాను నిలబెట్టే ఉంచాలి. ఇది మన వైపు షాపుల్లో దొరకడం కష్టం. విదేశాల నుంచి వచ్చే బంధువు కస్టమ్స్ సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు, రసీదు మాత్రం పారేయొద్దనండి.

ఇంట్లోనే కొన్ని సీసాలు దాచుకోవాలన్న పట్టుదల ఉంటే వైన్ ఫ్రిజ్ కొనండి, కానీ కంప్రెసర్ ఉన్నదే కొనండి. థర్మోఎలక్ట్రిక్ అని చౌకగా వచ్చేవి గది వేడి కంటే కొన్ని డిగ్రీలే తగ్గించగలవు. గది 40 ఉంటే వాటి వల్ల కాదు.

ప్రశ్న: షాపులో ఇండియన్ రెడ్ వైన్ ఒకటి, దానికి కాస్త ఎక్కువ ధరలో విదేశీది ఒకటి ఉన్నాయి. నాలుగు వందలు ఎక్కువైనా విదేశీదే మేలని స్నేహితుల మాట. నిజమేనా? (బ్యాంకు ఉద్యోగి, కర్నూలు)

ఆ ధరలో అయితే ఇండియన్ సీసానే తీసుకోండి. దిగుమతి వైన్ మీద మన దేశపు కస్టమ్స్ సుంకం 150 శాతం. దాని పైన రాష్ట్రం పన్నులు, ఓడ కిరాయి, గోడౌన్, షాపు లాభం. ఇవన్నీ పోగా అడుగు ధర సీసాలో అసలు వైన్ విలువ చాలా కొద్దిగా మిగులుతుంది. మీరు కట్టే ఎక్కువ డబ్బు చాలావరకు ప్రయాణానికీ పన్నుకూ పోతుంది. 2022 డిసెంబరు 29 నుంచి ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చి, దిగుమతి ధర ఐదు డాలర్లు దాటిన సీసాల మీద సుంకం 100 శాతానికి తగ్గింది. ఏటా కొంత తగ్గుతూ 50కి చేరాలి. పదిహేను డాలర్లు దాటినవాటికి ఇంకా ఎక్కువ తగ్గింపు. ఐదు డాలర్ల లోపు చౌక రకాలకు ఈ తగ్గింపు లేదు. కాబట్టి విదేశీది కొనాలనుకుంటే, రెండు సీసాల డబ్బు కూడబెట్టి ఒక్క మంచిది కొనండి.

అలా కొనేటప్పుడు స్పెయిన్ దేశపు రియోహా ప్రాంతం రెడ్ వైన్ మీద 'రిజర్వా' అన్న మాట ఉందేమో చూడండి. అది కనీసం మూడేళ్లు, అందులో ఒక ఏడాది ఓక్ చెక్క పీపాలో ఉండి వచ్చినది. 'గ్రాన్ రిజర్వా' అయితే ఐదేళ్లు. దాచి పాతబడ్డాక వచ్చే మెత్తదనం కోసం మనం ఇంట్లో తంటాలు పడకుండా, తయారుచేసినవాళ్లే ఆ పని చేసి పంపిస్తున్నారు. అంత శ్రమ ఉన్నా, ఫ్రాన్సు పేరున్న ఊళ్ల ధరలతో పోలిస్తే చాలా తక్కువ. సీసా మీద 'రిజర్వ్' అని ఏ దేశమైనా రాసుకోవచ్చు, చాలాచోట్ల దానికి కట్టుబాటు లేదు. స్పెయిన్‌లో ఉంది.

మన దేశంవాటిలో రెడ్ కావాలంటే గ్రోవర్ జాంపా వాళ్ల లా రిజర్వ్ నాకు ఇష్టం. కాబర్నే సావిన్యాన్, షిరాజ్ అనే ద్రాక్షరకాలు కలిపి ఓక్‌లో ఉంచినది. నంది హిల్స్ పంట. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి వాళ్లు చేసే సాంజియోవేజీ అనే రెడ్ పులుపు మీద ఉంటుంది, మాంసం కూరలతో బాగా కలుస్తుంది. వైట్ అయితే నాసిక్ నుంచి సులా వాళ్ల సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ మన షాపుల్లో కాస్త సులువుగా దొరుకుతాయి.

బ్రాండు ఒక్కటే చూసి కొనొద్దు, సీసా మీది సంవత్సరం చూడండి. మన దేశంలో వైన్ ద్రాక్ష జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. వైట్, రోజే (గులాబీ రంగు) రకాలు ఆ ఏడాదివో, అంతకు ముందు ఏడాదివో అయితేనే తీసుకోండి. మూడో ఏడాదిలోకి వచ్చిన వైట్‌ను తగ్గింపు ధరకు ఇస్తామన్నా వద్దనండి. ఒక్కో ఎండాకాలం మన షాపుల్లో గడపడమంటే దాని ఆయుష్షులో పెద్ద ముక్క కరిగిపోయినట్టే. ట్యూబ్‌లైటు కింద, ఎండ పడే అరలో నిలబెట్టిన సీసా వద్దు, అట్టపెట్టెలోంచి తీసిమ్మని అడగండి. కార్క్ కొంచెం పైకి తన్నుకొచ్చినా, మెడ దగ్గర జిగటగా కారిన మరక ఉన్నా ఆ సీసాకు వేడి తగిలిందని అర్థం. స్క్రూ మూత చూసి చులకన చేయకండి. తాజాగా తాగే వైన్‌కు అదే మంచిది, కార్క్ ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టే పని కూడా లేదు.

నేనైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు కొంటాను. సరుకు లారీల్లో వచ్చేది అప్పుడైతే చల్లటి రోజుల్లో వస్తుంది. శివరాత్రి దాటాక ఇంట్లో మిగిలిన సీసాలు ఫ్రిజ్ కింది అరలోకి పోతాయి. ఏళ్లకు ఫ్రిజ్ పనికిరాదు, దాని చల్లదనం పొడిగా ఉంటుంది, కార్క్ ఎండిపోతుంది. నాలుగైదు నెలలకు మాత్రం బీరువా కంటే ఎంతో నయం.

ప్రశ్న: అక్కా, సంగటి, నాటుకోడి పులుసుతో ఖరీదైన రెడ్ వైన్ తాగితే నోరు మండి, వైన్ చేదుగా అనిపించింది. వైన్ చెడిపోయిందా? (రైల్వే ఉద్యోగి, గుంతకల్లు)

చెడిపోలేదు తమ్ముడూ. కారం, ఆల్కహాల్, వగరు మూడూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. పద్నాలుగు శాతం ఆల్కహాల్ ఉన్న వగరు రెడ్ వైన్ మన ఎర్రకారం మీద పోస్తే మంట పెరుగుతుంది, వైన్‌లోని పండు రుచి కనబడకుండా పోతుంది. మన తిండికి ఖరీదైన రెడ్ అక్కర్లేకపోవడం మన అదృష్టం అనుకుంటాను. కొంచెం తీపి, బాగా పులుపు, తక్కువ ఆల్కహాల్ ఉన్న చల్లటి వైట్ కావాలి. షెనిన్ బ్లాంక్ అందుకు చక్కగా సరిపోతుంది, ధర కూడా తక్కువ. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో కూడా ఒకసారి చూడు. గోంగూర మాంసం అయితే సావిన్యాన్ బ్లాంక్. తినేదాని పులుపు కంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ నీళ్లలా తోస్తుంది, గోంగూర ముందు నిలబడాలంటే పులుపున్న వైనే కావాలి. కారం తగ్గించి మిరియాలతో చేసిన పొట్టేలు వేపుడు ఉన్నరోజు నీ ఖరీదైన రెడ్ తెరువు.

రెడ్ వైన్ గది వేడిలో తాగాలన్న మాట పదహారు, పద్దెనిమిది డిగ్రీలుండే గదులున్నవాళ్లది. గుంతకల్లులో అయితే గ్లాసులో పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. సగం చేదు అక్కడే పోతుంది.

ప్రశ్న: మా తోటలో థామ్సన్ సీడ్‌లెస్ ధర పడిపోయింది. ఇంట్లోనే వైన్ చేసి దాచుకుంటే లాభమా? (రైతు, తాడిపత్రి)

లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేస్తే కేసవుతుందన్నా, ఆ ఆలోచన వదిలెయ్. అదీగాక అవి తినే ద్రాక్ష. కాయ పెద్దది, తోలు పల్చన, పులుపు తక్కువ. దాచేకొద్దీ బాగుపడే వైన్‌కు చిన్న కాయ, మందం తోలు, గింజ కావాలి, వగరు అక్కడి నుంచే వస్తుంది. థామ్సన్ ఎండుద్రాక్షకు పేరుపడిన రకం. అనంతపురం ఎండ, పొడి గాలి అందుకు అనుకూలం. ఉద్యానశాఖ వాళ్లను ఆరబెట్టే పందిళ్ల గురించి అడుగు.

ప్రశ్న: గౌరిబిదనూరు మీదుగా దొడ్డబళ్లాపురం మాకు దగ్గరే. అక్కడి వైన్ ద్రాక్షతోట దగ్గరే కొంటే చౌక కదా? (హిందూపురం)

వెళ్లండి, తప్పక చూడండి. ఒకే పూట నాలుగైదు రకాలు కొంచెం కొంచెంగా రుచి చూపిస్తారు, మీ నోటికి ఏది నచ్చుతుందో తెలిశాక ఇక్కడ షాపులో వృథా ఖర్చు ఉండదు. కర్ణాటకలో పన్ను కట్టిన సీసాలు కారులో వేసుకుని మన చెక్‌పోస్టు దాటాలని మాత్రం చూడకండి, సీసాతో పాటు బండి కూడా పోయే ప్రమాదం ఉంది. బండి నడిపేవాళ్లు ఆరోజు రుచి చూడకూడదు.

ప్రశ్న: రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిదట. బీపీ ఉన్న మా నాన్నగారికి ఇవ్వొచ్చా? చౌకలో ఏది మంచిది? (ప్రొద్దుటూరు)

ఇవ్వొద్దమ్మా. ఆరోగ్యానికి ఎంతమాత్రమూ హాని చేయని మోతాదు అంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. బీపీ మాత్రలు వేసుకునే మనిషికి ఇంకా జాగ్రత్త కావాలి. ఆ డబ్బుతో ఆయనకు పండ్లు కొనిపెట్టు.

ప్రశ్న: ఇంట్లో తాగేది నేనొక్కడినే. సీసా తెరిస్తే సగం పుల్లబడిపోతోంది. ఏం చేయాలి? (కడప)

375 మిల్లీలీటర్ల ఖాళీ సీసా ఒకటి వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి పెట్టుకోండి. కొత్త సీసా తెరవగానే, గ్లాసులో పోసుకోకముందే, సగం వైన్ ఆ చిన్న సీసాలోకి మూతి దాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. లోపల గాలి లేకపోతే వారం దాకా బాగుంటుంది. సగం ఖాళీ అయిన పెద్ద సీసా అలాగే ఉంచితే ఫ్రిజ్‌లో కూడా రెండు మూడు రోజులే. రెడ్ కూడా ఫ్రిజ్‌లోనే పెట్టాలి, తాగే ముందు కాసేపు బయట ఉంచితే చాలు.