మలద్వార క్యాన్సర్‌కి కీమోతో పాటు అడాప్టివ్ రేడియేషన్ మేలేనా? నాకు జరిగింది చెప్తాను

మీ అమ్మగారికి మలద్వార క్యాన్సర్ అని తేలిందని, ఆపరేషన్ లేకుండా కీమో, రేడియేషన్ కలిపి ఇస్తామన్నారని, అందులోనూ అడాప్టివ్ రేడియేషన్ అంటున్నారని రాశారు. మామూలు దానికంటే అది నిజంగా మేలా, ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఒప్పుకోండి. నాదీ అదే జబ్బు, అదే వైద్యం. ముగిసి రెండేళ్ళు దాటింది, ఇప్పుడు బాగున్నాను.

ఒకటి మాత్రం కలిపేసుకోకండి. జబ్బుని తగ్గించేది కీమో, రేడియేషన్ రెండూ కలిసి చేసే పనే. అడాప్టివ్ అంటే ఆ రేడియేషన్‌ని ఏ రోజుకారోజు లోపల ఎలా ఉందో చూసుకుని మార్చి ఇవ్వడం, అంతవరకే. ఒకప్పుడు ఈ జబ్బు వస్తే మలద్వారం మొత్తం తీసేసి, జీవితాంతం పొట్టకి సంచి పెట్టేవారు. 1970ల మొదట్లో అమెరికాలోని డెట్రాయిట్‌లో నార్మన్ నిగ్రో అనే సర్జన్, ఆపరేషన్‌కి ముందు గడ్డ కాస్త తగ్గుతుందని కీమో, రేడియేషన్ కలిపి ఇస్తే ముగ్గురిలో గడ్డే లేకుండా పోయింది. మీ అమ్మగారికి ఈరోజు కత్తి పడకుండా వైద్యం చేస్తామంటున్నారంటే దాని మొదలు అక్కడే ఉంది. నాకు కీమోగా మొదటి రోజు మైటోమైసిన్ ఇంజెక్షన్ (ఊదా రంగులో ఉంటుంది, చూసి భయపడొద్దు), తర్వాత రేడియేషన్ ఉన్న ప్రతి రోజూ కాపెసిటబిన్ మాత్రలు. వారానికి ఐదు రోజుల చొప్పున 28 సిట్టింగులు, మొత్తం 50.4 గ్రే (రేడియేషన్ డోసుని కొలిచే లెక్క అది).

నాకు బాగా గుర్తుండిపోయింది పదకొండో సిట్టింగు. అప్పటికే గజ్జల్లో చర్మం ఎర్రబడి మండుతోంది, రెండు కాళ్ళు దగ్గరికి చేర్చలేకపోతున్నాను. రోజూ లాగే నీళ్ళు తాగి, మూత్రం నిండాక లోపలికి తీసుకెళ్ళారు. బ్లాడర్ నిండుగా ఉంటే చిన్న పేగుని పైకి నెట్టేస్తుంది, అప్పుడు పేగు మీద కిరణాలు తక్కువ పడతాయి, అందుకే ఆ నీళ్ళు. బల్ల మీద పడుకోబెట్టి స్కాన్ తీశారు. కాసేపటికి స్పీకర్లోంచి టెక్నీషియన్ గొంతు, "అమ్మా, లోపల గ్యాస్ ఎక్కువగా ఉంది, లేచి ఒకసారి బాత్రూమ్‌కి వెళ్ళి రండి" అని. నాకు తల కొట్టేసినట్టయింది. గది బయట కూర్చున్న వాళ్ళందరి ముందు నుంచి నడిచి వెళ్ళాలి. వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ నీళ్ళు తాగాను, మళ్ళీ కూర్చున్నాను, ఆ నలభై నిమిషాలూ ఎవరి మొహం చూడలేదు.

రెండోసారి పడుకున్నాక స్కాన్ బాగుందన్నారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఆ రోజు స్కాన్ మీద బ్లాడర్ ఎక్కడ, పేగు ఎక్కడ, గడ్డ ఎక్కడ అని కంప్యూటర్ గీతలు గీస్తుంది, వాటిని మనుషులు కూర్చుని సరిచేస్తారు, దాని మీద కొత్త ప్లాన్ తయారవుతుంది, పాత ప్లాన్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసి ఏది మేలైతే అది ఖాయం చేస్తారు, ఖాయం చేసినదాన్ని మళ్ళీ ఒకసారి తనిఖీ చేస్తారు. ఇదంతా అయ్యేదాకా మనం కదలకూడదు. మామూలు రేడియేషన్‌లో చాలా తొందరగా దించేస్తారు, నాకు మాత్రం రోజూ అరగంట దాకా పట్టేది. ఆ అరగంటలో బ్లాడర్ ఇంకా నిండుతూనే ఉంటుంది. ఆ రోజు ఇంక నా వల్ల కాలేదు. ఏడుపొచ్చేసి, ఆపుకోలేకపోతున్నాను అని గట్టిగా అరిచాను. వాళ్ళు విసుక్కోలేదు. "ఇంకో నాలుగు నిమిషాలమ్మా, నాతో పాటు లెక్కపెట్టండి" అని ఆ అమ్మాయి స్పీకర్లో నిజంగానే ఒకటి నుంచి లెక్కపెట్టింది.

దిగాక డాక్టరు గారు పిలిచి స్క్రీన్ చూపించారు. ఒక పక్క మొదటి వారం స్కాన్, ఇంకో పక్క ఆ రోజుది. గడ్డ సగానికి సగం తగ్గిపోయింది. అది ఖాళీ చేసిన చోటికి దగ్గరగా పేగు మెలిక ఒకటి జారి వచ్చి ఉంది. "పాత ప్లాన్ అలాగే వేసుంటే దీనికి ఎక్కువ తగిలేదమ్మా" అని వేలు పెట్టి చూపించారు. మీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఆ వేలే. ఆ సౌకర్యం ఉన్న చోట వైద్యం దొరికితే వదులుకోవద్దంటాను. అలాగని బాధ ఉండదని అనుకోకండి. నాలుగో వారానికి నా చర్మం ఊడి నీరు కారింది, విరేచనాలు పట్టుకున్నాయి, తెల్ల కణాలు పడిపోయి రెండు రోజులు మాత్రలు ఆపారు. రేడియేషన్ మాత్రం ఆపలేదు, మధ్యలో ఖాళీలు వస్తే వైద్యం బలం తగ్గుతుందని పట్టుబట్టి పూర్తి చేయించారు.

ఇక నా కడుపులో ఉన్నది చెప్తాను. ప్రతి రోజూ, 28 రోజులూ, నా లోపల చూశాకే కిరణం వేశారు. దానికి ముందు ఎనిమిది నెలలు ఒక్కరూ చూడలేదు. రక్తం పడుతోందని వెళితే మొలలు అన్నారు. పూత మందు రాశారు. తగ్గలేదని మళ్ళీ వెళితే ఇంకో పూత మందు రాశారు. మూడోసారి, గట్టిగా ఏదో తగులుతోందండీ అని సిగ్గు చంపుకుని చెప్పాను, అప్పుడూ బల్లకి అవతలి నుంచే మందు రాసి పంపించారు. వేలితో పరీక్ష చేయడానికి ఒక్క నిమిషం పట్టదు. చివరికి ఇంకొక డాక్టరమ్మ గారు ఆ పరీక్ష చేసి, అప్పటికప్పుడు బయాప్సీకి పంపారు. మూడు సెంటీమీటర్లు ఉన్న గడ్డని మొలలనుకుని ఎనిమిది నెలలు నేను పూతలు పూసుకున్నాను. రక్తం పడుతుంటే మొలలని ఎవరన్నా సరే, పరీక్ష చేయకుండా అంటే నమ్మకండి.

తప్పు వాళ్ళొక్కరిదే అనను. మా చెల్లికి కూడా నేను "పొట్టలో క్యాన్సర్" అనే చెప్పాను. మలద్వారం అనే మాట నోటితో అనడానికే సిగ్గు. మలద్వార క్యాన్సర్లలో పదింట తొమ్మిది హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తాయి, అది మనుషుల్లో చాలా మామూలుగా ఉండే వైరస్, అయినా అది తెలిసిన దగ్గర్నుంచి ఎవరు ఏమనుకుంటారో అని ఇంకా నోరు మూసుకున్నాను. 2019లో హాలీవుడ్ నటి మార్షా క్రాస్ తనకి ఈ జబ్బు వచ్చిందని ఇంటర్వ్యూల్లో బాహాటంగా చెప్పారు. అది చదివిన రోజే మా చెల్లికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

మందు మొదలుపెట్టే ముందు డీపీడీ పరీక్ష చేశారా అని అడగండి. కొందరి ఒంట్లో కాపెసిటబిన్‌నీ, పంపుతో ఎక్కించే 5-ఎఫ్‌యూ అనే అదే రకం కీమో మందునీ విరిచే డీపీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, వాళ్ళకి మామూలు డోసే ప్రమాదం. చర్మానికి ఏం రాయాలో నర్సునే అడగండి, ఇంట్లో తోచినవి రాయకండి. అయిపోయాక మొదటి స్కాన్‌లో ఇంకా ఏదో మిగిలిందన్నా కుంగిపోకండి. బ్రిటన్‌లో 940 మందితో చేసిన యాక్ట్ 2 అనే వైద్య పరిశోధనలో, 11 వారాలప్పుడు గడ్డ పూర్తిగా పోని వాళ్ళలో చాలామందికి 26 వారాలకల్లా పోయింది. నాకూ మూడో నెలలో కొంచెం ఉంది అన్నారు, ఆ తర్వాతి మూడు నెలలు నాకు నిద్ర లేదు, ఆరో నెలలో చూస్తే లేదు.

ఇంకొకటి, ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఆడవాళ్ళకి ఈ రేడియేషన్ వల్ల యోని లోపల బిగుసుకుపోతుంది. తర్వాత డాక్టరు వేలితో పరీక్ష చేయాలన్నా ప్రాణం పోతుంది. దానికి డైలేటర్లు (లోపల మెల్లగా సాగదీయడానికి వాడే గొట్టాల్లాంటివి) ఇస్తారు, చర్మం మానాక కొన్ని వారాల్లో మొదలుపెట్టాలి. నాకు ఏడు నెలలకి తెలిసింది, అప్పటికే ఆలస్యమైంది. అమ్మతో ఆ మాట ఎలా అనడం అనిపిస్తే మీరు అనకండి, నర్సుని పక్కకి పిలిచి ఆవిడ చేత చెప్పించండి. చివరి సిట్టింగు లోపలే చెప్పించండి.