పులి లేదా, మనకు కనపడలేదా?

అడవి ఉత్తరాలు: పాఠకుల ప్రశ్నలకు అటవీశాఖ విశ్రాంత రేంజ్ అధికారి జవాబులు

ప్రశ్న: పిల్లలకు పులిని చూపిద్దామని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లాను. ఫరహాబాద్ గేటు దగ్గర సఫారీ జీపు ఎక్కి వ్యూపాయింట్ దాకా వెళ్లి వచ్చాం. దుప్పులు, కొండముచ్చులు, ఒక నెమలి కనిపించాయి, అంతే. మహారాష్ట్రలోని తడోబా పులుల అడవికి వెళ్లొచ్చిన మా బావమరిది ఫోనులో పులుల ఫొటోలు చూపించి నవ్వుతున్నాడు. నల్లమలలో పులులు నిజంగా ఉన్నాయా, లెక్కల్లోనే ఉన్నాయా సార్?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: బావమరిది నవ్వుకు నా దగ్గర మందు లేదు. పులుల సంగతి చెబుతాను.

ఉన్నాయి. 2022 అఖిల భారత అంచనాలో ఆంధ్రప్రదేశ్‌కు 63, తెలంగాణకు 21 లెక్కతేలాయి. ఆంధ్రప్రదేశ్‌లోవి చాలావరకు నల్లమలవే. ఇప్పుడు విస్తీర్ణం చూడండి. అమ్రాబాద్ కోర్, అంటే పులుల కోసం ప్రత్యేకించిన లోపలి అడవే, 2,166 చదరపు కిలోమీటర్లు. తడోబా కోర్ 625. మీ బావమరిది చిన్న అడవిలో ఎక్కువ పులుల మధ్య తిరిగాడు. మీరు అంతకు మూడింతలు దాటిన అడవిలో, ఒకే ఒక్క దారి మీద, కొద్దిపాటి పులుల్లో ఒకదాని కోసం వెతికారు. పైగా నల్లమల అంటే లోయలు, రాతిచరియలు, నడుమెత్తు బోద గడ్డి. జీపుకు పది గజాల దూరంలో పులి పడుకుని ఉన్నా మీకు తెలియదు. మీరొచ్చిన సంగతి మాత్రం దానికి తెలుస్తుంది.

‘లెక్కల్లోనే ఉన్నాయా’ అన్న అనుమానం మాత్రం మంచిదే. ఒకప్పుడు దానికి ఆధారమూ ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో పులి పాదముద్ర కనిపిస్తే దానిపైన గాజుపలక పెట్టి, పెన్నుతో అంచు గీసుకుని కాగితం మీదికి ఎక్కించేవాళ్లం. ఇది ఫలానా మగపులిది, అది దాని జోడుది అని అధికారులు కూర్చుని తేల్చేవారు. ఒకే పులి ఇసుకలో నడిస్తే ఒక సైజు, బురదలో నడిస్తే ఇంకో సైజు. అటు బీటులో (ఒక్కో గార్డు కాపలా కాసే అడవి ముక్క) ఒకసారి, ఇటు బీటులో ఒకసారి లెక్కకెక్కిన పులులు ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని బయటపడింది. అంతకుముందు దాకా కాగితాల మీద అవి నిక్షేపంగా ఉన్నాయి. ఆ దెబ్బతో పాదముద్రల పద్ధతి పోయి, కెమెరాలు వచ్చాయి.

పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఏ రెండు పులులకీ ఒకేలా ఉండవు. ఒకే పులికి కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు కూడా వేరు. అందుకే కాలిబాటకు రెండువైపులా మోకాలి ఎత్తున ఒక్కో కెమెరా కడతారు. వాటి ముందు ఏదైనా కదలగానే రెండూ ఒకేసారి ఫొటో తీస్తాయి. ఆ కెమెరా ఎక్కడ కట్టాలో చెప్పేది ఎవరనుకున్నారు? చాలాచోట్ల పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో, ఉండే చెంచులే. ఎండిన వాగులో రాళ్ల మధ్య చారెడు ఇసుక ఉంటే, పులి దాని మీదుగా వెళ్లిందో లేదో వాళ్లు నిలబడిన చోటి నుంచే చెప్పేస్తారు. మేము వంగి, టేపు తీసి, ఆ తరువాత ఒప్పుకునేవాళ్లం.

2022 అంచనాలో దేశమంతటా 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. 4.7 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులి ఉన్నవి 97,399. సుమారు 480 ఫొటోలకు ఒకటన్నమాట. అవి రాత్రీపగలూ కదలకుండా, మాట్లాడకుండా, చిప్స్ ప్యాకెట్ విప్పకుండా కాపు కాసిన యంత్రాలు. మీరు వెళ్లింది ఒక్క పూట. ఈ లెక్క మీ బావమరిదికి చెప్పండి.

ఈసారి వెళ్తే, చలికాలం చివర్లోనో వేసవి మొదట్లోనో పొద్దున్నే మొదటి జీపు ఎక్కండి. జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్‌లో సఫారీ ఉండదు. మధ్యలో ఒకచోట ఇంజను ఆపమని డ్రైవరును అడిగి, చెవులు అప్పగించి కూర్చోండి. దుప్పి పిరికిది, చిరుతను చూసినా అరుస్తుంది, రేచుకుక్కలను చూసినా అరుస్తుంది. కొండముచ్చు చెట్టు మీద నుంచి దగ్గినట్టు ఖంగుఖంగుమంటుంది, దానిదీ సగమే నమ్మాలి. కణితి (సాంబర్ జింక) అలా కాదు. తోక నిక్కించి, ముందుకాలు నేలకేసి కొడుతూ ‘ఢాంక్’ అని ఒక్కటే అరుపు, మళ్లీమళ్లీ అరుస్తూ కదలకుండా ఒకే దిక్కు చూస్తూ ఉందంటే, ఆ దిక్కున పెద్దదేదో ఉన్నట్టే. పిల్లలకు దుమ్ములో ముద్రలు వెతికే పని అప్పగించండి. గోళ్ల గుర్తులుంటే అది కుక్కజాతిదో దుమ్ములగొండిదో. పులి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కనుక వాటి ముద్రలో గోరు పడదు.

ప్రశ్న: శ్రీశైలం దారిలో రాత్రి 9 గంటలకు మన్ననూరు దగ్గర గేటు వేసేస్తారు. మళ్లీ ఉదయం 6కే తీస్తారు. చంటిపిల్లతో రోడ్డు మీద పడిగాపులు కాశాం. దైవదర్శనానికి వెళ్లేవాళ్లనైనా వదలకూడదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ దారిలో వెళ్లేవాళ్లంతా దైవదర్శనానికే వెళ్తారు. అందరినీ వదిలితే గేటు ఎందుకు? పగలంతా మన బండ్ల హోరుకు దారి దాటలేని జంతువులు చీకటి పడ్డాకే ఇటునుంచి అటు నీళ్లకు వెళ్తాయి. హెడ్‌లైటు కళ్లలో పడితే దుప్పి పారిపోదు, బిగుసుకుపోయి నిలబడుతుంది. పాములు పగటి వేడి మిగిలిన తారురోడ్డు మీదికి వస్తాయి. తెల్లారి ఆ దారిలో నడిచి, రోడ్డుకు అంటుకుపోయిన వాటిని పారతో తీసిన వాచర్లను అడిగితే మీరే గేటు వేయమంటారు. పిల్లతో ప్రయాణం కనుక రాత్రికి అచ్చంపేటలో ఆగి, తెల్లవారుజామున బయల్దేరండి. పొగమంచు లేని రోజైతే దారి పక్కనే అడవిపందులు, నెమళ్లు కనిపిస్తాయి. టికెట్టు కూడా అక్కర్లేదు.

ప్రశ్న: ఘాటు రోడ్డులో కోతులకు అరటిపళ్లు వేస్తే పుణ్యం కాదా? బోర్డులు పెట్టి వద్దంటున్నారెందుకు?
– మరో పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీరు పండు వేసి వెళ్లిపోతారు. ఆ కోతి తరువాతి కారు కోసం రోడ్డు మధ్యలో కూర్చుంటుంది, వెనుక దాని పిల్ల కూడా. ఆ తరువాతిది లారీ కావచ్చు. చెట్టు మీద రేలకాయ, మేడిపండు ఉండగా దానికి మీ అరటిపండుతో పని లేదు. పండుతో పాటు మీరు విసిరిన కవరును ఉప్పు వాసనకు దుప్పి నమిలి మింగుతుంది. అరటిపళ్లు డిక్కీలోనే ఉంచుకుని, గుడి దగ్గర దిగాక మీరు తినండి.