రాగి రేకు గోపురం: ముడతలు, చీలికలు

ప్రశ్న: ఇంట్లోని పూజామందిరానికి రాగి రేకుతో చిన్న గోపురం మలుస్తున్నాను. అంచున ముడతలు లేస్తున్నాయి. వాటిని సరిచేయబోతే రేకు చీలిపోతోంది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రాగిని ఎంచుకొని మంచి పని చేశారు, తిరుమల ఆనంద నిలయ విమానం మీది బంగారు తాపడానికీ ఆధారం రాగి రేకులే. రేకును గొట్టంలా ఒకే దిక్కుకు వంచడం సులువు. గోపురానికి మాత్రం నడిమి భాగం సాగాలి, అంచు చుట్టుకొలత తగ్గాలి. అలా తగ్గలేక మిగిలిపోయిన లోహమే ముడతగా పైకి లేస్తుంది. కనుక ముడత ఎలాగూ వస్తుంది. అది చిన్నదిగా ఉండగానే కొయ్యసుత్తితో అణచివేయాలి. మడత పడనిచ్చారంటే ఆ చోట చీలిక తప్పదు.

చీలికకు అసలు కారణం మీరు రేకును మధ్యమధ్య కాల్చకపోవడమేనని నా అనుమానం. రాగి దెబ్బలు తినేకొద్దీ బిరుసెక్కుతుంది. మెత్తగా పలికిన రేకు ఖంగుమనడం మొదలై, సుత్తి ఎగిరిపడుతున్నట్టు అనిపించగానే పని ఆపి, ఎండ పడని చోట గ్యాస్ టార్చితో రేకంతా మసక ఎరుపు తేలేదాకా కాల్చండి. ఆ పైన నీళ్లలో ముంచినా భయం లేదు, ఉక్కులా రాగి దానివల్ల గట్టిపడదు. పైన కట్టిన నల్లటి పొరను చింతపండు, ఉప్పు కలిపి తోమి చాలావరకు వదిలించాలి, లేకపోతే అది దెబ్బలకు రేకులోకి దిగబడి మచ్చలవుతుంది. లోతు పెరిగేకొద్దీ ఇలా ఎన్నిసార్లయినా కాల్చవలసి రావచ్చు; ఇక్కడ బద్ధకిస్తే రేకు దండగ.

చింతమొద్దులో తొలిచిన గుంట గానీ, సన్న ఇసుక బిగించి కుట్టిన మందపాటి కాన్వాసు సంచి గానీ అడుగున ఉంచుకోండి. గుండ్రని మొహం ఉన్న సుత్తితో అంచు దగ్గర మొదలుపెట్టి, రేకును తిప్పుతూ, దెబ్బ మీద దెబ్బ సగం పడేలా వలయాలుగా నడిమికి రావాలి. చాలామంది నేరుగా నడుమనే మోది, అక్కడ రేకును పలచబరిచి చిల్లు చేసుకుంటారు. ఆకారం కుదిరాక గుండ్రని ఇనుప దిమ్మె మీద బోర్లించి, నున్నని సుత్తితో తేలికగా కొడితే సొట్టలు పోతాయి. పాత్రల సొట్టలు తీసేవారి దగ్గర కాసేపు నిలబడి చూస్తే ఆ చేతి వాటం తెలుస్తుంది.

ఇదే పద్ధతిని అల్యూమినియం మీద ప్రయత్నించేవారు ఎరుపు కోసం ఎదురుచూడకూడదు, అది ఎర్రబడకుండానే 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. దాని మీద సబ్బు రుద్ది, ఆ మరక ముదురు గోధుమరంగుకు తిరగగానే మంట తీసేయాలి. జింకు పూత ఉన్న రేకును మాత్రం అసలు కాల్చకండి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.