సింగపూర్‌లో కాపురం ఎలా ఉంటుంది? మా బ్లాకు కింద నుంచి ఒక జవాబు

ప్రశ్న: మా ఆయనకు సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది, పిల్లలతో వెళ్తున్నాం. చూడాల్సిన చోట్ల గురించి చాలా చదివాను. అవి కాకుండా, రోజూ అక్కడ బతికేవాళ్ళకి నచ్చేవేమిటి, వింతగా తోచేవేమిటి? మనవాళ్ళకి ఒంటరిగా అనిపిస్తుందా?

జవాబు: ఇల్లు చూసి దిగులు పడకండి. ముందు చెప్పాల్సింది ఇదే. హైదరాబాదులో విశాలమైన ఫ్లాట్‌లో ఉండి వచ్చినవాళ్ళకి ఇక్కడి గదులు ఇరుగ్గా ఉంటాయి, అద్దె వింటే గుండె గుభేలుమంటుంది. కానీ ఈ ఊళ్ళో కాపురం సగమే ఇంట్లో. మిగతా సగం లిఫ్టు దిగాక మొదలవుతుంది. ఈ సంగతి తెలిస్తే సింగపూర్ తొందరగా నచ్చుతుంది. తెలియక ఏసీ గదిలోనే కూర్చున్నవాళ్ళు ఏళ్ళు గడిచినా ఇండియా టికెట్లే వెతుకుతుంటారు.

మేం తో పాయో అనే పాత పేటలో ఉంటాం. ఈ ఊళ్ళో ఐదుగురిలో దాదాపు నలుగురు హెచ్‌డీబీ అనే ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1960లో పెట్టిన సంస్థ అది. మన దగ్గర హౌసింగ్ బోర్డు ఇళ్ళంటే ఫలానావాళ్ళకే అనే అభిప్రాయం కొంత ఉంది కదా, ఇక్కడ అలా కాదు. ఒకే లిఫ్టులో డాక్టరు గారూ, టాక్సీ నడిపే పెద్దాయనా ఎక్కుతారు. పైగా ఒక్కో బ్లాకులో చైనీయులు ఇంతమంది, మలయ్‌లు ఇంతమంది, భారతీయులు, ఇతరులు ఇంతమంది దాటకూడదని 1989 నుంచి పరిమితులున్నాయి. ఇల్లు అమ్ముకునేటప్పుడు దీనివల్ల ఇబ్బంది పడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ బాధ నిజమే. అయినా నాకిది మంచి ఏర్పాటే అనిపిస్తుంది. మా పిల్లలు రంజాన్‌కి ఒకరింట్లో, చైనా కొత్త సంవత్సరానికి ఇంకొకరింట్లో తిని వస్తారు. వాళ్ళకది విశేషమని కూడా తోచదు.

ఈ బ్లాకుల్లో నేల అంతస్తులో సాధారణంగా ఇళ్ళుండవు. స్తంభాలు, రాతి బల్లలు, ఖాళీ. దాన్ని వాయిడ్ డెక్ అంటారు. ముసలివాళ్ళు చదరంగం ఆడుకుంటారు, బడి నుంచి వచ్చిన పిల్లలు అక్కడే బ్యాగు పడేసి కబుర్లు చెప్పుకుంటారు. ఒక శనివారం అక్కడ మలయ్‌ల పెళ్ళి జరుగుతుంది. కొంపాంగ్ అనే డప్పులు వాయిస్తూ పెళ్ళికొడుకుని తీసుకొస్తుంటే పై అంతస్తుల నుంచి అందరం తొంగి చూస్తాం. ఇంకో వారం అదే చోట చైనీయుల ఇంట చావు. గుడారం వేసి, శవపెట్టె పెట్టి, మూడు రోజులో ఐదు రోజులో ఉంచుతారు. వచ్చినవాళ్ళకి వేరుశెనక్కాయలు పెడతారు, రాత్రంతా ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో, పెళ్ళి జరిగిన చోటే శవాన్ని ఉంచడం ఆవిడకి అస్సలు మింగుడు పడలేదు. రెండో వారానికల్లా ఆవిడే కిందికి దిగి, పక్కింటి చైనా అవ్వ పక్కన బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ అవ్వకి హొక్కియెన్ అనే చైనా భాష, కాస్త మలయ్ వచ్చు. మా అమ్మకి తెలుగు తప్ప మరోటి రాదు. ఇద్దరూ బ్లాకు వెనకున్న కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళి, ఒకావిడ కొమ్మ వంచితే ఇంకొకావిడ రెబ్బలు దూసేది. ఇక్కడ చాలా బ్లాకుల దగ్గర కరివేపాకు, పండాన్ అనే సువాసన ఆకు, మిరప మొక్కలు కనిపిస్తాయి. ఎవరు వేశారో కనుక్కొని, అడిగి కోసుకోండి. సాధారణంగా కాదనరు.

పాత బ్లాకుల్లో బట్టలు ఆరేసే పద్ధతి చూసి తీరాలి. వంటింటి కిటికీ బయట గోడకి ఇనప గొట్టాలు బిగించి ఉంటాయి. తడిబట్టలు తొడిగిన పొడవాటి వెదురు గడని కిటికీలోంచి బయటికి తోసి, కొసని ఆ గొట్టంలో దూర్చాలి. పదో అంతస్తు నుంచి నీళ్ళోడే గడని రెండు చేతులా బ్యాలెన్స్ చేయడం మొదట్లో నిజంగా టెన్షన్. పిల్లలతో మాత్రం ఆ పని చేయించకండి. ఇక వాన ఇక్కడ చెప్పి రాదు. ఎండ కాస్తుండగానే ఆకాశం నల్లబడి, పిడుగులతో సహా కుమ్మరించి, గంటలో మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఉంటుంది. అలాంటప్పుడు పక్కింటి అవ్వ మా తలుపు దబదబా బాది, ఆకాశం వైపు వేలు చూపించి, తన గడ లాక్కోవడానికి పరిగెత్తుతుంది. వానలో బయటికి వెళ్ళాల్సి వస్తే కంగారు లేదు. బ్లాకు నుంచి బస్‌స్టాపుకి, అక్కడి నుంచి మెట్రో స్టేషన్‌కి పైకప్పున్న నడకదారులు వేశారు. తో పాయో లాంటి పేటల్లో గొడుగు లేకుండానే చాలా దూరం వెళ్ళిపోవచ్చు. నాకు ఈ ఊళ్ళో ఆకాశహర్మ్యాల కన్నా ఈ రేకుల కప్పులంటేనే ఎక్కువ గౌరవం.

ఇక తిండి. హాకర్ సెంటర్ అంటే కప్పు కింద పదుల కొద్దీ చిన్న కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఒకప్పుడు వీధుల్లో బండ్ల మీద అమ్మేవాళ్ళని 1970లలో, 80లలో ప్రభుత్వం నీళ్ళు, మురుగు కాలువ ఉన్న ఇలాంటి చోట్లకి తెచ్చి పెట్టింది. ఇప్పుడు ఊరంతా కలిపి నూటికి పైగా ఉన్నాయి. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్తే కుర్చీ దొరకడమే గగనం. బల్ల మీద ఒక చిన్న టిష్యూ ప్యాకెట్ కనిపించిందా, అది ఎవరిదో అయిపోయినట్టే. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు. కాకపోతే ఇక్కడ ఆ ప్యాకెట్‌ని తీసేసి కూర్చునేవాళ్ళూ ఉండరు, దాని గురించి పోట్లాడేవాళ్ళూ ఉండరు. గొడుగు, ఆఫీసు కార్డు పెట్టి వెళ్ళేవాళ్ళని కూడా చూస్తారు. తిన్నాక పళ్ళెం మీరే తీసుకెళ్ళి పెట్టాలి. 2021 నుంచి ఇది చట్టం. హలాల్ పళ్ళేలకి వేరే అర ఉంటుంది, చూసి పెట్టండి.

కాఫీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది ఒకసారి తాగి, నచ్చలేదని మానేస్తారు. ఇక్కడ గింజల్ని చక్కెర, వెన్న లాంటి కొవ్వు వేసి నల్లగా వేయిస్తారు. పొడిని పొడవాటి గుడ్డ తిత్తిలో వేసి, మరిగే నీళ్ళు ఎత్తు నుంచి పోసి, ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి తిత్తిని మారుస్తూ దించుతారు. మన ఫిల్టర్ కాఫీతో పోల్చకుండా తాగండి. ఊరికే కోపి అంటే డబ్బాలోని తియ్యటి చిక్కపాలు పోస్తారు, మనకి వెగటుగా ఉంటుంది. కోపి ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో. కోపి సీ అంటే తీపి లేని డబ్బా పాలు, విడిగా చక్కెర. చక్కెర తగ్గించాలంటే చివర సియూ దాయ్ అనాలి, అసలు వద్దంటే కొసోంగ్, చల్లగా కావాలంటే పెంగ్. టీకి కోపి బదులు తే అంటే చాలు. మనవాళ్ళ నోటికి బాగా కుదిరేది కోపి సీ సియూ దాయ్. ఒకటిన్నర డాలరుకి అటూ ఇటూ ఉంటుంది. కొట్టు నడిపేవాళ్ళని అంకుల్, ఆంటీ అనే పిలవండి, వయసు చూడక్కర్లేదు. వారం రోజులు ఒకే కొట్టుకి వెళ్ళారంటే, మీరు వరసలో నిలబడి ఉండగానే ఆంటీ మీ కప్పు కలపడం మొదలుపెడుతుంది. కొత్త ఊళ్ళో మనల్ని ఒకరు గుర్తుపట్టడం ఎంత ధైర్యమో వచ్చాక మీకే తెలుస్తుంది. ఈ కొట్లు నడిపేవాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు, పిల్లలు వేరే ఉద్యోగాల్లోకి వెళ్ళిపోతున్నారు. మా పేటలో మూతపడ్డ కొట్టు ముందు నుంచి వెళ్ళాలంటే నాకు మనసొప్పదు. అందుకే, వీలైనప్పుడల్లా అక్కడే తినండి.

శాకాహారులైతే కాస్త జాగ్రత్త. ఆకుకూర వేపుడులో కూడా రొయ్యల ముద్ద పడుతుంది. అడిగితే దాచరు. చైనీయుల శాకాహార కొట్లు చాలా సెంటర్లలో ఉంటాయి, అక్కడి సన్న సేమియా, మాంసంలా కనిపించే సోయా ముక్కలు పిల్లలు ఇష్టంగా తింటారు.

పొద్దు సంగతి కూడా వింతే. 1982లో గడియారాన్ని అరగంట ముందుకు జరిపారు. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊరు కాబట్టి ఏడాది పొడవునా ఏడింటి ప్రాంతంలో తెల్లవారి, ఏడింటికే చీకటి పడుతుంది. బళ్ళు ఏడున్నరకే మొదలవుతాయి. అంటే మీ పిల్లలు చీకట్లోనే బయల్దేరతారు. ఇక కోయిలలు. మన దగ్గర కోయిల కూసిందంటే ఉగాది వస్తోందని సంబరం. ఇక్కడ కాకి గూళ్ళ పుణ్యమా అని కోయిలలు బాగా పెరిగి, తెల్లవారుజామున ఐదింటికే కిటికీ పక్కన గొంతెత్తుతాయి. నిద్ర పాడవుతోందని జనం అధికారులకి ఫిర్యాదులు చేస్తారు. నాకు మాత్రం ఆ కూత వింటుంటే ప్రాణం లేచొస్తుంది.

ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లో, ఇంచుమించు మన మహాలయ పక్షాలకి కాస్త ముందుగా, చైనీయులు పోయినవాళ్ళ కోసం రోడ్డు పక్కన పళ్ళు, అన్నం, అగరొత్తులు పెడతారు. కాగితపు నోట్లు కాలుస్తారు. పాటల కచేరీలు పెట్టి, ముందు వరస కుర్చీలు పోయినవాళ్ళ ఆత్మల కోసం ఖాళీగా వదులుతారు. ఆ వరసలో కూర్చోకూడదని, నేల మీద పెట్టినవి తొక్కకూడదని పిల్లలకి ముందే చెప్పండి. తద్దినాలు పెట్టే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, మనకి ఇది అర్థం కానిదేమీ కాదు.

పిల్లలకి డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో ముందు సీటు చూపించండి. నిద్రగన్నేరు కొమ్మలు అద్దాన్ని రాసుకుంటూ పోతుంటే వాళ్ళు ఇంకేమీ అడగరు. దురియాన్ పండు తినాలనుంటే కొన్నచోటే తినేయండి, మెట్రోలోకి రానివ్వరు.

ఒంటరితనం గురించి అడిగారు. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాకి, టెక్కా మార్కెట్ వైపు వెళ్ళండి. భవనాలు కట్టే పనుల్లో, షిప్‌యార్డుల్లో పనిచేసేవాళ్ళు సెలవురోజున అక్కడికి వస్తారు. ఎక్కువమంది తమిళులు, బంగ్లాదేశీయులు. వాళ్ళ మధ్య శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస చెవిన పడతాయి. ఆగి పలకరించండి. ఈ ఊళ్ళో మనం నడిచే కప్పులూ, ఎక్కే మెట్లూ కట్టింది వాళ్ళలాంటివాళ్ళే. ఆ మార్కెట్లో ములక్కాడలు, దోసకాయలు దొరుకుతాయి, కొన్ని వారాలు గోంగూర కూడా. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. తమిళుల మురుగన్ పండగ తైపూసం రోజున కావళ్ళు అక్కడి నుంచే బయల్దేరతాయి. మన సరుకులు ఇక్కడే దొరుకుతాయి కాబట్టి పప్పులు, బియ్యం మోసుకురాకండి. ఆవకాయ, పిల్లలకి తెలుగు పుస్తకాలు తెచ్చుకోండి.

పుస్తకాలని ఎందుకన్నానంటే, ఇక్కడి ప్రభుత్వ బళ్ళలో మాతృభాష ఒక సబ్జెక్టు. భారతీయ పిల్లలకి తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. మనవాళ్ళలో కొందరు హిందీ, కొందరు తమిళం తీసుకుంటారు. తెలుగు మాత్రం ఇంట్లోనో, వారాంతాల్లో మనవాళ్ళు నడిపే తరగతుల్లోనో నేర్పుకోవాలి. ఏది తీసుకోవాలో మీరిద్దరూ బయల్దేరే ముందే మాట్లాడుకోండి, బడిలో చేర్చేటప్పుడే అడుగుతారు.